యూదుల పరిశుద్ధత మన మడి లాంటిదేనా?

గుమ్మం_దగ్గర (ప్రశ్న):
బైబిల్లోని లేవీయకాండం 19వ అధ్యాయం పరిశుద్ధులై ఉండమని మొదలవుతుంది. ఆ తర్వాత స్నానాలు, ఉపవాసాలు వస్తాయనుకుంటే కూలి డబ్బులు, తూనికరాళ్లు, పొలం మూలలు వచ్చాయి. యూదుల లెక్కలో పరిశుద్ధత అంటే మన మడి లాంటిదా, ఎవరైనా తాకితే పోతుందా? తోరా (మోషే ఐదు గ్రంథాలు) రాసిన చుట్ట, ద్వారబంధానికి బిగించే మెజూజా అనే తోరా వాక్యాల తోలు ముక్క పాతబడితే ఏం చేస్తారు? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

తాటాకు:
మడికి కాస్త దగ్గరగా ఉండేది వాళ్లలో వేరే ఉందండీ, దాన్ని తహరా అంటారు. మైల తగిలితే అది పోతుంది. కొన్ని రకాల మైల మిక్వే అనే నీటిగుండంలో మునిగితే తీరుతుంది. క్రీ.శ. 70లో యెరూషలేము ఆలయం కూలిపోయాక ఆ నియమాల్లో చాలావాటికి రోజువారీ బతుకులో పని లేకుండా పోయింది. మీరు అడుగుతున్న పరిశుద్ధత, అంటే కెదుషా, అలా పోలేదు.

ఈ తేడా తోరా చుట్ట దగ్గర బాగా తెలుస్తుంది. తోరా మాటలకు మైల అంటదని తల్ముద్, అంటే రబ్బీలనే యూదు గురువుల చర్చల సంపుటి, అంటుంది. 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ తన ధర్మసంహితలో ఇంకా తేటగా చెప్పాడు: మైలలో ఉన్నవాళ్లు, బహిష్టులో ఉన్న స్త్రీ, చివరికి యూదులు కానివాళ్లు కూడా చుట్టను పట్టుకుని చదవొచ్చు, చేతులకు మురికి, బురద లేకపోతే చాలు. అయితే రాసిన తోలును వట్టి చేత్తో తాకకూడదు. అది అందరికీ ఒకటే నియమం. అందుకే చదివేటప్పుడు వరస చూపడానికి వేలి ఆకారం ఉన్న పుల్ల వాడతారు.

కాటా_ముల్లు:
కూలి, తూకాల సంగతి నేను చెప్తాను. ఆ అధ్యాయానికి ప్రాణం అక్కడే ఉందని నా నమ్మకం.

పగటి కూలికి వచ్చినవాడికి ఆ రాత్రి గడిచేలోపు డబ్బు ఇవ్వాలి. రాత్రి పనిచేసినవాడికి మర్నాటి పగలు ముగిసేలోపు ఇవ్వాలి. కూలివాడు అడిగితేనే ఈ గడువు దాటిన దోషం యజమానికి అంటుతుందని రబ్బీల తొలి ధర్మసంకలనమైన మిష్నా చెబుతుంది. పొలం మూల పేదలకు వదలడానికి తోరా కొలత పెట్టలేదు, అరవయ్యో వంతుకు మాత్రం తగ్గకూడదని రబ్బీలు నియమించారు.

తూకాల గురించి మిష్నాలో బావా బత్రా అనే భాగం 5వ అధ్యాయం చూడండి. చిల్లర కొట్టువాడు కొలపాత్రల్ని వారానికి రెండుసార్లు తుడవాలి, తూనికరాళ్లని వారానికోసారి, త్రాసు తట్టల్ని ప్రతి తూకానికీ తుడవాలి. టోకు వ్యాపారికి పాత్ర తుడిచే గడువు ముప్పై రోజులు. నూనె, తేనె లాంటివి పాత్ర లోపల అంటుకుని గట్టిపడితే కొనేవాడికి ఆ మేరకు తగ్గుతుంది. అమ్మేవాడికి మోసం చేసే ఉద్దేశం లేకపోయినా సరే, తగ్గింది తగ్గినట్టే. అందుకే గుడ్డ పట్టుకుని తుడవడం కూడా దేవుడి ఆజ్ఞ కిందికే వచ్చింది.

మూడు_నక్షత్రాలు:
కాటా_ముల్లు గారూ, మీరు చెప్పింది నిజమే. కానీ దాన్ని నీతి దగ్గరే ఆపితే సగం జారిపోతుంది. ఉన్ని, నార కలిపిన బట్ట వేసుకోవద్దని అదే అధ్యాయం చెబుతుంది. నాటిన చెట్టు పండు మూడేళ్లు తినకూడదు, నాలుగో ఏటి పండు దేవుడికి, ఐదో ఏడు నుంచి తినొచ్చు. వీటిలో పొరుగువాడికి జరిగే మేలేమీ కనబడదు. చేతికి అందినదాని ముందు ఆగడమే ఇక్కడ సాధన. 13వ శతాబ్దపు తోరా వ్యాఖ్యాత నాహ్మనిడీస్ ఇదే పట్టుకున్నాడు: ప్రతి నియమం పాటిస్తూనే, అనుమతి ఉన్న తిండిలో, తాగుడులో మునిగితేలుతూ నీచంగా బతకొచ్చు, అలా బతకొద్దనడానికే పరిశుద్ధులై ఉండమన్న మాట అని. రషీ అనే ఇంకో వ్యాఖ్యాత మాత్రం నిషిద్ధ సంబంధాలకు, పాపానికి దూరంగా ఉండమనే అర్థం చెప్పాడు.

తోరాలో మొట్టమొదట దేవుడు పవిత్రం చేసింది ఏడో రోజుని, అంటే కాలాన్ని. ఆ విశ్రాంతి రోజే షబ్బాత్, శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలవుతుంది. ఇంట్లో శుక్రవారం సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు దీపాలు పెడతారు, యెరూషలేములో 40 నిమిషాల ముందు పెట్టే ఆచారం ఉంది. సూర్యుడు అస్తమించాక వెలిగిస్తే షబ్బాత్‌ను భంగపరచినట్టే, కాబట్టి ఆలస్యమైతే వెలిగించకుండా వదిలేయాలి. షబ్బాత్ పవిత్రతను చాటుతూ చదివే కిద్దుష్ ప్రార్థనకు పట్టుకునే గిన్నెలో ద్రాక్షరసం ఒక లెక్క ప్రకారం 86 మిల్లీలీటర్లు, ఇంకో లెక్కలో సుమారు 150 ఉండాలి. అందులో సగానికి పైగా తాగాలి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు యూదు సమాజం ఉంది, వాళ్లూ షబ్బాత్ పాటిస్తారు.

గుమ్మం_దగ్గర:
చాలా బాగా చెప్పారండీ, అందరికీ ధన్యవాదాలు. మరి మెజూజా సంగతి? తోలు ముక్కకు పవిత్రత ఎక్కడినుంచి వస్తుంది?

తాటాకు:
రాసేవాడి ఉద్దేశం నుంచండీ. సోఫెర్ అనే లేఖకుడు పవిత్రత కోసమే రాస్తున్నానని మొదలుపెట్టేటప్పుడు నోటితో అంటాడు. దేవుడి పేరు వచ్చిన ప్రతిచోటా మళ్లీ మనసు పెట్టాలి. యథాలాపంగా రాస్తే చెల్లదు, అచ్చు వేసినదీ చెల్లదు. దేవుడు తోరా ఇచ్చిన సీనాయి కొండనే చూడండి. దేవుడు దిగివచ్చినప్పుడు పశువు కూడా తాకకూడదు, బూర మోగాక ఎవరైనా ఎక్కొచ్చు. లోకంలో ఏ వస్తువుకూ దానంతట దానికి పవిత్రత లేదని ద్విన్స్క్ ఊరి రబ్బీ మెయిర్ సిమ్హా (1843–1926) గట్టిగా వాదించాడు.

మెజూజాలో 22 వరసలు, 713 అక్షరాలు. లోపలికి వెళ్లేటప్పుడు కుడివైపు, ద్వారబంధం పై మూడో వంతు మొదట్లో బిగిస్తారు. ఏడేళ్లలో రెండుసార్లు తీసి చూడాలి. ఎండకు, తేమకు సిరా పెచ్చులూడుతుంది. అక్షరాలు వరస తప్పకుండా రాయాలి కాబట్టి మధ్యలో ఒకటి పోతే తర్వాత పూడ్చడానికి లేదు. దాని తర్వాతివన్నీ చెరిపి మళ్లీ రాయాలి, వాటిలో దేవుడి పేరుంటే చెరపకూడదు. ఇక ఆ తోలు గెనీజాకే, అంటే దాచి తర్వాత భూమిలో పాతిపెట్టడానికే. తోరా చుట్టకు ఈ వరస నియమం లేదు కాబట్టి దిద్దొచ్చు, కానీ 30 రోజుల్లోపు దిద్దాలి.

చుట్టకు కప్పిన గుడ్డ, మెజూజా గొట్టం కూడా గెనీజాకే వెళ్తాయి. షోఫర్ బూర, పండుగ ఖర్జూర మట్ట అలా కాదు, పని అయ్యాక పారేయొచ్చు. అవి ఆజ్ఞకు పనిముట్లు, రాసిన మాటను మోసినవి కావు.

కాటా_ముల్లు:
అమ్మకాలకూ ఇలాంటి మెట్లే ఉన్నాయి. సమాజమందిరం అమ్మిన డబ్బుతో తోరా ఉంచే పేటిక కొనొచ్చు, పేటిక డబ్బుతో చుట్ట గుడ్డలు, వాటి డబ్బుతో గ్రంథాలు, గ్రంథాల డబ్బుతో తోరా చుట్ట. ఎక్కువ పవిత్రమైనదాన్ని అమ్మి తక్కువదానికి దిగడానికి లేదు. మిగిలిన చిల్లరకూ ఇదే నియమం.

మూడు_నక్షత్రాలు:
ఫోన్ తెర మీద కనబడే దేవుడి పేరు నిలిచి ఉండే రాత కాదు, అది చెరిగినా దోషం లేదని చాలామంది రబ్బీల తీర్పు. అదే హీబ్రూ పాఠాన్ని ప్రింట్ తీస్తే మాత్రం చెత్తబుట్టలో వేయకండి, గెనీజాకు పంపండి.