వృద్ధాశ్రమాల్లో పెద్దవాళ్లు, ఆయాలు: మళ్లీ కోవిడ్ లాంటిది వస్తే ఏం సిద్ధంగా ఉంచుకోవాలి?

బరంపురం_వాణి
అందరికీ నమస్కారం. ఒడిశాలోని బరంపురంలో ఒక చిన్న వృద్ధాశ్రమం కమిటీలో ఉన్నాను. ఉండేవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లు, ఆయాలు ఒడియావాళ్లు. మళ్లీ అలాంటి జబ్బు వస్తే ఎవరు ఏం చెయ్యాలో ఇప్పుడే రాసి పెట్టుకుందాం అనుకున్నాం. 2020, 2021లో ఆశ్రమాల్లో పనిచేసినవాళ్లు, అమ్మనో నాన్ననో అక్కడ ఉంచినవాళ్లు మీ అనుభవం చెప్పండి. మాస్కులు, శానిటైజర్ల సంగతి అందరికీ తెలిసిందే. అవి కాక ఏది పనికొచ్చింది, ఏది లేక ఇబ్బంది పడ్డారు?

పర్లాకిమిడి_కోడలు
మందులండీ. పర్లాకిమిడికి ఆంధ్రలోని పాతపట్నం కూతవేటు దూరం. మా అత్తగారి బీపీ, థైరాయిడ్ మాత్రలు ఎప్పుడూ అక్కడే కొనేవాళ్లం. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యేసరికి అటు ఆంధ్ర, ఇటు ఒడిశా, మధ్యలో పోలీసులు. ఇక్కడి షాపులో అదే కంపెనీ మాత్ర లేదు. చీటీ మీద కంపెనీ పేరే ఉంది, లోపలి మందు పేరు లేదు. ఇప్పుడు ప్రతి మందుకీ అసలు పేరు, డోసు ఒక అట్ట మీద రాయించి ఆశ్రమంలో ఒకటి, మా ఫోన్లలో ఒక ఫోటో ఉంచాం. నెల సరుకు ఎప్పుడూ ముందే ఉంటుంది.

జయపురం_సిస్టర్
నర్సుగా రిటైరయ్యాను. జ్వరం కోసం చూస్తూ కూర్చుంటే ఆలస్యమైపోతుంది. బాగా పెద్ద వయసువాళ్లలో కోవిడ్ చాలాసార్లు జ్వరం, దగ్గు లేకుండానే మొదలైంది. నిన్నటిదాకా బాగా మాట్లాడిన మనిషి తికమకపడటం, అన్నం వద్దనడం, పగలంతా మగతగా ఉండటం, బాత్రూంకి వెళ్తూ తూలి పడటం... ఇవీ మొదటి గుర్తులు. వీటిని ముందు పట్టేది రోజూ తల దువ్వి, స్నానం చేయించే ఆయానే. “మామ్మ ఇవాళ తేడాగా ఉంది” అని ఆమె అంటే కొట్టిపారెయ్యకుండా రాసుకునే పుస్తకం ఒకటి ఉండాలి, అది చూసే మనిషీ ఉండాలి.

రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే ఆక్సీమీటర్ గురించి: వేళ్లు చల్లగా ఉన్నా, గోళ్లకి రంగున్నా అంకె సరిగ్గా రాదు. చెయ్యి రుద్ది వెచ్చబరిచి, వేలికి పెట్టి, అంకె నిలకడ పడేదాకా ఆగి అప్పుడు రాయాలి. 94 కంటే తగ్గితే డాక్టరుకి ఫోన్ చెయ్యాలి. ఊపిరితిత్తుల జబ్బుతో ఎప్పుడూ తక్కువే ఉండేవాళ్లుంటారు. వాళ్ల మామూలు రీడింగ్ బాగున్న రోజుల్లోనే రాసి పెట్టుకోండి.

ఆయా_కూతురు
మా అమ్మ గంజాం జిల్లాలో ఒక ఆశ్రమంలో ఆయా. పెద్దవాళ్ల గురించి అందరూ అడుగుతారు, అమ్మ గురించి ఎవరూ అడగలేదు, అందుకే రాస్తున్నాను. సూరత్‌కి పనులకెళ్లిన మనవాళ్లు వేలల్లో తిరిగొచ్చిన ఆ వేసవిలో జిల్లాలో కేసులు పెరుగుతుంటే, వీధిలో కుళాయి దగ్గర అమ్మని పక్కకి నిలబెట్టేవారు, “నువ్వు ఆశ్రమం నుంచి వస్తున్నావు” అని. అక్కడేమో “ఇంటి నుంచి జబ్బు తెస్తావేమో” అని భయం. ఒళ్లు నొప్పులుగా ఉన్నా చెప్పేది కాదు. చెబితే ఇంట్లో కూర్చోమంటారు, ఆ రోజులకి జీతం కోస్తారు. ఇంట్లో బియ్యం అమ్మ జీతంతోనే. అందరికీ ఇదే సమస్య అని అమ్మ చెప్పేది. ఒంట్లో బాగోలేదని ధైర్యంగా చెప్పుకునే పరిస్థితి లేనప్పుడు, గేటు దగ్గర ఎంత టెంపరేచర్ చూస్తే ఏం లాభం?

ఇంకొకటి. అమ్మ పదేళ్లుగా చూసుకున్న ఒక తాతగారు ఆస్పత్రిలో పోయారు. కబురు కూడా మర్నాటికి ఎవరో మాటల మధ్యలో చెప్పారు. ఆయన చెంబు కడిగి పెట్టి, ఎవరికివ్వాలో తెలియక అమ్మ చాలా రోజులు దాచింది. ఆయాలకి కూడా కబురు చెప్పాలని మీ కాగితంలో రాయండి, దయచేసి.

లీడ్స్_తమ్ముడు
అక్కా, మీ అమ్మగారు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఇంగ్లండ్‌లో కేర్ హోమ్‌లో పనిచేస్తాను, సొంతూరు రాయగడ. 2020లో ఇక్కడ వివాల్డి అని వేల హోములతో ఒక సర్వే చేశారు. జబ్బు చేసిన రోజులకి జీతం ఇచ్చిన చోట పెద్దవాళ్లకి ఇన్ఫెక్షన్ తక్కువ కనిపించింది. బయటి ఏజెన్సీ మనుషుల్ని ఎక్కువ వాడిన చోట ఎక్కువ. ఆ మే నెలలో ప్రభుత్వం 60 కోట్ల పౌండ్ల నిధి పెట్టింది. ఇంట్లో విడిగా ఉండాల్సిన సిబ్బందికి పూర్తి జీతం ఇవ్వడానికీ, ఒకే మనిషి రెండు మూడు హోములు తిరగకుండా చూడటానికీ. అంతకుముందు టెస్టు లేకుండానే ఆస్పత్రుల నుంచి పెద్దవాళ్లని హోములకి పంపిన విధానం చట్టవిరుద్ధమని 2022 ఏప్రిల్‌లో ఇక్కడి హైకోర్టు చెప్పింది. మీరు కూడా, ఆస్పత్రి నుంచి తిరిగొచ్చినవాళ్లు మొదట ఏ గదిలో ఉంటారో ఇప్పుడే తేల్చుకోండి.

బరంపురం_వాణి
తమ్ముడూ, చదువుతుంటే గుండె బరువెక్కింది. అయితే మాది చందాల మీద నడిచే ఆశ్రమం. జీతంతో సెలవంటే డబ్బు ఎక్కడిది?

కోరాపుట్_మాస్టారు
అమ్మా, పుట్టినరోజులకీ, తద్దినాలకీ ఒక పూట భోజనం పెట్టిస్తామని దాతలు వస్తారు కదా. లాక్‌డౌన్‌లో మా దగ్గర వాళ్లు రాలేక డబ్బు పంపారు. వాళ్లనే అడిగి కొంత ఆయాల సెలవు నిధికి మళ్లించాం. అడిగితే ఎవరూ కాదనలేదు. అందులోంచే పగటి ఆయాలకి రానూపోనూ ఆటో పెట్టాం, పొద్దున చోడి (రాగి) అంబలి, గుడ్డు కూడా.

టీకాలప్పుడు చాలామంది ఆధార్ కార్డులు పిల్లల దగ్గర ఉండిపోయాయి. గుర్తింపు కార్డు లేనివాళ్లకీ, వృద్ధాశ్రమాల్లో ఉన్నవాళ్లతో సహా, వెయ్యవచ్చని కేంద్రం 2021 మేలో మార్గదర్శకాలిచ్చింది. ఆలోపు ఎంత తిరిగామో! కార్డు జిరాక్సులు ఇప్పుడే తీసిపెట్టండి.

జయపురం_సిస్టర్
ఆస్పత్రికి పంపేటప్పుడు మనిషితో ఒక కాగితం వెళ్లాలి, ఒడియాలో. ఏమని పిలిస్తే పలుకుతారు, ఏ చెవి వినిపిస్తుంది, షుగరుందా, పళ్ల సెట్టు ఉందా, ఎవరికి ఫోన్ చెయ్యాలి. తెలుగు తప్ప రాని మామ్మ మాస్కుల వెనక ఏమంటున్నారో తెలియక బెదిరిపోతుంది. కొడుకు గొంతు ఫోన్లో వినిపిస్తే అన్నం తింటుంది. అంత్యక్రియలు ఎవరు చెయ్యాలన్నది కూడా పెద్దవాళ్లనే మెల్లగా అడిగి రాసుకోండి. చాలామంది చెప్పడానికి సిద్ధంగానే ఉంటారు.

బరంపురం_వాణి
అన్నీ రాసుకున్నాను. ఈ ఆదివారం కమిటీకి ఆయాల్ని కూడా పిలుస్తున్నాం. పొద్దున పది గంటలకి.

ఆయా_కూతురు
పది గంటలకి వద్దు వాణిగారూ, అది స్నానాలు చేయించే టైము. భోజనాలయ్యాక రెండింటికి పెట్టండి, అప్పుడైతే కూర్చోగలరు. ఆ గంటకి కూడా జీతం ఉంటుందని ముందే చెప్పండి.