‘ఇల్లు కట్టి చూడు’లో ఆ ‘చూడు’ ఏం చేస్తోంది?

అందరికీ నమస్తే. నేను నల్లగొండలో ఆర్కిటెక్చర్ పాఠం చెప్తాను. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అంటే ఖర్చు, తిప్పలు అనే చెప్పుకుంటాం, అది సరే. కానీ థీసిస్ మొదలుపెట్టే పిల్లలు ‘సార్, డిజైన్ చేయడం కూడా రీసెర్చేనా, సర్వేలు లెక్కలు ఉంటేనే రీసెర్చా’ అని అడిగినప్పుడల్లా నాకు ఈ సామెతే గుర్తొస్తుంది. కడితే తప్ప తెలియనిది ఒకటుందని ఒప్పుకున్న మాట కదా ఇది. ముగ్గు పోసి చూద్దాం, గోడ జరిపి చూద్దాం అంటాం, జవాబు ముందే తెలిస్తే అలా అనం.

మా నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయమే తీసుకోండి. పగలంతా లింగం మీద స్తంభం నీడ కదలకుండా నిలుస్తుంది. ప్లాన్ ఎంతసేపు చూసినా అది ఏ స్తంభం నీడో తేలదు. అట్టతో నమూనా చేసి, దీపం జరుపుతూ, ఒక్కో స్తంభం తీసి చూస్తే, అది నేరుగా పడే ఎండ పని కాదు, స్తంభాల మధ్య నుంచి చెదిరి వచ్చే వెలుతురు పని అని తెలుస్తుంది.

— సార్, అక్కడ ‘చూడు’ సహాయక క్రియ, కంటితో పని లేదు. తిని చూడు, అడిగి చూడు అనమా? పైగా పాలమూరు నుంచి వలసపోయిన మనవాళ్లు ఎన్ని ఊళ్లలో ఎన్ని కట్టారు, అదంతా పరిశోధనేనా?

— వ్యాకరణం మీరన్నదే. వాళ్లకు తెలిసింది తక్కువేం కాదు, రాసిపెట్టినవాళ్లు లేక వాళ్ల చేతుల్లోనే ఉండిపోయింది, నా బాధ కూడా అదే. 1993లో క్రిస్టఫర్ ఫ్రేలింగ్ అనే బ్రిటిష్ డిజైన్ అధ్యాపకుడు ఒక వ్యాసంలో డిజైన్ గురించి, డిజైన్ కోసం, డిజైన్ ద్వారా అని పరిశోధనను మూడుగా విడదీశాడు. పానగల్లు నమూనా మొదటిదే. అదే నీడను పట్టుకుని మన ఎండకు ఒక బడి వరండా గీసి, స్తంభాల ఎడం మార్చి మార్చి, ఏది ఎందుకు వద్దనుకున్నామో ఇంకొకరు పరీక్షించేలా రాస్తే మూడోది. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌లోని ఆర్‌ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్టులు తమ సొంత పనినే ఎగ్జిబిషన్‌గా పెట్టి, పరీక్షకుల ముందు వాదించి పీహెచ్‌డీ తెచ్చుకుంటారు.

— వద్దనుకున్న డ్రాయింగులు ఎవరు దాస్తారు సార్? మార్కులన్నీ ఫైనల్ షీట్లకే కదా.

— అవునమ్మా, అందుకే ఈసారి కొట్టేసిన గీతలు కూడా తెమ్మన్నాను, వాటికీ మార్కులుంటాయి. సరే, నల్లగొండ వైపు, పాలమూరు వైపు మేస్త్రీలు ‘చూడు’ చేర్చి అనే మాటలు ఇంకేమైనా ఉంటే ఇక్కడ పెట్టండి.