‘కల్పించుటయ’ అనాలా, ‘కల్పించుటయె’ అనాలా?

కావలి నుంచి: సదస్సుకు పత్ర సంగ్రహం (abstract) పంపాలి. 250 మాటలు దాటకూడదన్నారు. నా పత్రం మొలగొలుకులు అనే మన నెల్లూరు వరి రకం సాగులో వాడే మాటల మీద. తిక్కన గారి “అల్పాక్షరముల ననల్పార్థరచన / కల్పించుటయె కాదె కవివివేకంబు”తో మొదలుపెడదామనుకున్నాను. రాత్రి నుంచి ఒక్క అక్షరం దగ్గరే ఆగిపోయాను. “టయె”నా, “టయ”నా?

ఒంగోలు నుంచి: అమ్మా, అది తిక్కనది కాదు. రెండేసి పాదాలుగా సాగే ద్విపద నడక వినబడటం లేదూ? పాల్కురికి సోమనాథుడు, బసవపురాణం. నాకు నోటికి వచ్చింది “టయ”.

పొదిలి నుంచి: గణం చూసి తేల్చలేం. “టయ కాదె” అన్నా “టయె కాదె” అన్నా అదే సల గణం, అక్షరాల కొలత మారదు. నా ఊహ “టయ” వైపే. నీవ, అతండ అన్నట్టు ఇదీ పాత అవధారణ, అంటే నొక్కి చెప్పే అకారం. ఆ అకారం వాడుకలోంచి పోయాక ఎవరో “యె” చేసి ఉంటారు. అది సరే, పై పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదిరే అక్షరం, చూశారా? “అనల్పం”లో దాగిన అల్పాన్ని బయటికి లాగి మొదటి అల్పంతో కలిపాడు. నేనైతే అక్కడే ఆగిపోతాను ప్రతిసారీ!

కందుకూరు నుంచి: “ఉంటారు” అంటే చాలదు సార్, పాత ప్రతిలో ఆ పాఠం చూపించాలి. నాకు “యె”లోనే ఊనిక వినబడుతుంది. ఇక క్లుప్తత అంటే మన తిక్కన గారే. 700 శ్లోకాల గీతను భీష్మపర్వంలో కొద్ది పద్యాల్లో ముగించి కథను యుద్ధంలోకి నడిపించాడు. సంగ్రహమంటే అదీ.

ఒంగోలు నుంచి: ఒప్పుకోను. అది కథకు కావలసినంత ఏరుకోవడం. పత్ర సంగ్రహం ఒక్కటే చదివినవాడికి కూడా ఏం అడిగారు, ఎలా వెతికారు, ఏం తేలింది అన్నవి మూడూ అందాలి. అందుకే దాన్ని సారాంశం అనమంటాను.

పొదిలి నుంచి: సారాంశం పాఠం అయ్యాక చెప్పేది. ఇది పత్రానికి ముందు నిలబడేది. సంగ్రహమే సరి.

కావలి నుంచి: పద్యం తీసేశాను. నెల్లు అంటే వరి అంటూ నెల్లూరు పేరు మీద రాసిన నాలుగు వాక్యాలూ తీసేశాను. ఇప్పుడు మొదటి వాక్యం ఇది: “మొలగొలుకుల సాగు తగ్గాక నారుమడి చుట్టూ వాడే మాటల్లో ఏవి మిగిలాయో ఈ పత్రం పరిశీలిస్తుంది.”

కందుకూరు నుంచి: వాక్యం బాగుందమ్మా. పద్యాన్ని మాత్రం వదలొద్దు, పత్రం లోపల పెట్టుకోండి. “టయె” అనే.

పొదిలి నుంచి: “టయ” అండీ. ఆ అకారం పోతే సోమన గొంతు పోతుంది.