మారుతి జిప్సీ జీపు ముందు హబ్బులు తారురోడ్డు మీద లాక్‌లోనే ఉంచచ్చా?

మామిడితోట_జిప్సీ:
తిరుపతి నుంచి భాకరాపేట ఘాటు దాటి తోటకి పోవాల. తోట దాకా తారురోడ్డే, లోపల వాన పడితే బురద. బురదలో దిగి ముందు చక్రాల మధ్యనుండే హబ్బు డయల్ (చక్రాన్ని యాక్సిల్ షాఫ్టుకి కలిపేది) తిప్పుకోకుండా, ఇంటి దగ్గరే రెండు హబ్బులూ లాక్ చేసి లివరు టూ హెచ్‌లో (వెనక చక్రాలకే బలం) పెట్టి పోతే ఏమన్నా పాడవుతాదా? ఘాట్లో వాన పడితే ఫోర్ హెచ్ (నాలుగు చక్రాలకీ బలం) వెయ్యచ్చా?

చిత్తూరు_ఫోర్‌బైఫోర్:
మొదటిది చెయ్యచ్చు, రెండోది వద్దన్నా. హబ్ లాక్ చేసి టూ హెచ్‌లో నడిపితే ముందు యాక్సిల్ షాఫ్టులు, డిఫరెన్షియల్ (రెండు పక్కల చక్రాల్ని వేరే వేగంతో తిరగనిచ్చే గేర్లు), ముందు ప్రొపెల్లర్ షాఫ్టు చక్రాలతోపాటు ఊరికే తిరుగుతాయి. ఇంజిన్ బలం వాటికి పోదు. కొంచెం మోత పెరుగుతాది, మైలేజీ కాస్త తగ్గుతాది, అంతే. పైగా బురద చేరగానే యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ నేరుగా పెట్టి మెల్లగా పోతా ఉంటే ఫోర్ హెచ్ సులభంగా పడుతాది.

తారు మీద ఫోర్ హెచ్ వేరే కథ. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరగాల. జిప్సీకి ముందు వెనక వేగాల తేడా సర్దే సెంటర్ డిఫరెన్షియల్ లేదు, ముందు వెనక షాఫ్టులు ఒకే వేగంతో తిరిగి తీరాల. మట్టిలో అయితే టైరు జారి ఆ తేడా సర్దుకుంటాది. తారు పట్టు వదలదు, తడిగా ఉన్నా సరే. ఆ బిగువంతా షాఫ్టుల్లో, ముందుకీ వెనక్కీ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో చేరుతాది. ఘాటు మలుపులో స్టీరింగ్ బరువెక్కి, బండిని ఎవరో వెనక్కి పట్టి లాగినట్టుంటే అదే.

తలకోన_ట్రాక్:
పై మాట కరెక్టు. ఇంకొకటి, రెండు డయళ్లూ చూసుకోండి. ఒకటి లాక్, ఒకటి ఫ్రీలో ఉంటే ఫోర్ హెచ్ వేసినా బలమంతా ఫ్రీగా ఉన్న షాఫ్టును ఊరికే తిప్పేస్తాది, ముందు చక్రాలు లాగవు. హబ్బులు ఫ్రీలో ఉంచి ఫోర్ ఎల్ (నాలుగు చక్రాలకీ మెల్లగా, ఎక్కువ బలంతో లాగే లో రేంజి) వెయ్యబాకండి. లో రేంజి టార్కు మొత్తం వెనక యాక్సిల్ మీదే పడుతాది, బరువుతో ఎక్కేటప్పుడు షాఫ్టు తెగచ్చు. ఫోర్ ఎల్ అంటే బండి పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి వెయ్యాల్సిందే.

డయల్ చేత్తో తిరగాల. తిరక్కపోతే పట్టకారు పెట్టబాకండి, బండిని అడుగు ముందుకో వెనక్కో కదిలించి మళ్లా తిప్పండి. హబ్ లోపల గ్రీజు పలచగా పూస్తే చాలు. బేరింగుకి కూరినట్టు కూరితే లోపలి రింగు జరగదు.

మామిడితోట_జిప్సీ:
తోటలోంచి రోడ్డెక్కినాక లివరు టూ హెచ్‌కి రాకపోతే?

చిత్తూరు_ఫోర్‌బైఫోర్:
గుంజబాకన్నా. బిగువు వదల్లేదని అర్థం. స్టీరింగ్ నేరుగా పెట్టి నాలుగైదు మీటర్లు రివర్సు పోయి, లివరు మీద మెల్లగా ఒత్తిడి పెట్టు. అప్పటికీ రాకపోతే ఒక పక్క చక్రాలు మట్టిలో దించి ఇంకోసారి. నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే అరుగుదల ఉన్నాయా చూసుకో. తేడా ఉంటే నేరుగా పోయినా బిగుస్తాది.

తలకోన_ట్రాక్:
ఎండాకాలంలోనూ నెలకోసారి హబ్బులు లాక్ చేసి, టూ హెచ్‌లోనే ఒక పది పదిహేను కిలోమీటర్లు తిప్పండి. అప్పుడే ముందు డిఫరెన్షియల్లో ఆయిలు పళ్లన్నిటికీ అందుతాది.