మాలపల్లి నవలకి చరిత్ర నేపథ్యం ఎలా చెప్పాలి?

డిగ్రీ పిల్లలకి ఉన్నవ లక్ష్మీనారాయణ గారి మాలపల్లి చెప్పాలి. నవల 1922లో వచ్చిందని, ఆయన జైల్లో ఉండగా రాశారని, మద్రాసు ప్రభుత్వం నిషేధించిందని చెబితే రాసుకుంటారు, అంతే, పరీక్షలో అదే దించుతారు. నాకు కావాల్సింది అది కాదు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ధాన్యం ధరలు పెరిగాక కూలి గింజల్లో ఇస్తారా డబ్బుల్లో ఇస్తారా అన్నది పాలేళ్లకి ఎందుకంత పెద్ద గొడవైందో తెలియకపోతే మాల కులానికి చెందిన సంగదాసు, భూస్వామి చౌదరయ్యల తగాదా వాళ్లకి ఉత్త హీరో-విలన్ కథలా కనిపిస్తోంది. చీరాల-పేరాల పన్ను వ్యతిరేక ఉద్యమం, పల్నాడు పుల్లరి (అడవిలో పశువుల మేతకి పన్ను) సత్యాగ్రహం, 1917 రష్యా విప్లవం, ఇవన్నీ ముందే చెబితే నవల మొదలయ్యేలోపే నిద్రపోతారు (వాళ్లనీ అనలేం). అలాగని మధ్యలో ఆపి చెబితే కథ తెగిపోతుంది.

ఈ నవల క్లాసులో చెప్పినవాళ్లు ఎవరైనా ఉంటే, మీరు చరిత్ర ముందు చెప్పారా, కథతో పాటే చెప్పారా? ఇంకోటి, అసలు టెన్షన్ ఇదే: అన్ని కులాల పిల్లలూ కూర్చున్న గదిలో అంటరానితనం గురించి ఏ పిల్లాడూ తలదించుకోకుండా, అలాగని విషయం దాటేయకుండా, చర్చ ఎలా నడిపారు?