రోజూ నన్ను నేను ప్రశ్నించుకుంటున్నా, ఏమీ తేలట్లేదు

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఆరేళ్లుగా ఉన్నాను. అప్రైజల్ (ఆఫీసులో పనితీరు సమీక్ష) దగ్గరపడుతోందని నెల రోజులుగా రాత్రిపూట నోట్‌బుక్ తెరిచి "నేనెందుకు ఎదగట్లేదు", "ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటాను" అని రాసుకుంటున్నా, టెన్షన్ పెరిగింది తప్ప ఒరిగిందేమీ లేదు. ఇలా రాసుకుని ఎవరైనా బాగుపడ్డారా?

జవాబు 1: "ఎందుకు" అని అడిగితే మనసు సాకులో తిట్లో వెతుక్కుంటుందండీ, నాకూ అదే అయింది. దాన్ని "ఏది"కి మార్చండి. ఈ వారం ఏ పని చేస్తుంటే టైమ్ తెలియలేదు, ఏ మీటింగ్ అనగానే కడుపులో తిప్పింది, ఇలా. నాలుగు వారాలవి కలిపి చదివితే నా విసుగు కోడింగ్ మీద కాదు, రాత్రి 10 గంటల కాల్స్ మీద అని తెలిసింది. టీమ్ మారాను, అంతే.

జవాబు 2: పాతకాలపు అమెరికా నేత బెంజమిన్ ఫ్రాంక్లిన్ పొద్దున "ఈరోజు ఏం మంచి చేయాలి", సాయంత్రం "ఏం మంచి చేశాను" అని రెండే ప్రశ్నలు వేసుకునేవాడు. ఐదేళ్ల సంగతి దేవుడెరుగు, ఆ రెండింటికి నిజం రాయడమే కష్టం. (నేను పది రోజుల్లో మానేశా, అది వేరే విషయం.)

జవాబు 3: మన వీపు మనకు కనపడదు బ్రో. నోట్‌బుక్ పక్కన పెట్టి, "నేను ఏ ఒక్కటి మార్చుకుంటే మీకు పని తేలికవుతుంది" అని మీ టీమ్ లీడ్‌నే అడిగెయ్.

ప్రశ్న అడిగినవారు: అమ్మో, లీడ్‌నా? సరే, సోమవారం అడుగుతా.