రక్తపోటుకు అటెనలాల్, కంటికి టిమొలాల్: రెండూ కలిపి వాడవచ్చా?

నమస్కారం. 67 ఏళ్ల మా అమ్మగారు అధిక రక్తపోటుకు చాలాకాలంగా అటెనలాల్ 50 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటున్నారు. ఇటీవల నీటికాసులు (కంటి లోపలి ఒత్తిడి పెరిగి చూపును దెబ్బతీసే గ్లకోమా) ఉన్నట్లు తేలడంతో, కంటి డాక్టరుగారు టిమొలాల్ 0.5 శాతం చుక్కలు రోజుకు రెండుసార్లు వేయమన్నారు. రెండూ బీటా బ్లాకర్లేనని, అంటే గుండె వేగాన్ని తగ్గించే ఒకే రకం మందులని, మందుల షాపులో చెప్పాకే మాకు తెలిసింది.

చుక్కల మందు కంట్లోనే ఆగిపోదని, కన్నీటి నాళం గుండా ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుందని, దానివల్ల నాడి మందగించవచ్చని, ఉబ్బసం ఉన్నవారికైతే ఆయాసం కూడా రావచ్చని చదివాను. అమ్మకు ఉబ్బసం లేదు. కానీ చుక్కలు మొదలుపెట్టాక బీపీ మిషన్‌లో నాడి 50 దగ్గరే చూపిస్తోంది. మెట్లెక్కాక గోడ పట్టుకుని నిలబడిపోతున్నారు. చుక్క వేశాక కన్ను మూయించి, ముక్కు పక్కనున్న కంటి మూలను రెండు నిమిషాలు వేలితో నొక్కి పడుతున్నాను.

అటెనలాల్‌ను హఠాత్తుగా మానితే గుండెకు ప్రమాదమని తెలుసు కాబట్టి సొంతంగా ఏదీ ఆపడం లేదు; రేపే ఫిజీషియన్‌కు చూపిస్తున్నాం. ఆలోగా, ఈ రెండు మందులూ కలిపి వాడినవారు గానీ, తెలిసిన వైద్యులు గానీ దయచేసి చెప్పగలరు: ఇలాంటప్పుడు లాటనోప్రోస్ట్ వంటి వేరే చుక్కలకు మారుస్తారా, లేక బీపీ మాత్రనే మారుస్తారా? మాత్ర ఇప్పటికే కంటి ఒత్తిడిని కొంత తగ్గిస్తుంటే, టిమొలాల్ వల్ల అదనపు ప్రయోజనం ఏమైనా ఉంటుందా? ఈసీజీ తీయించమని మేమే అడగాలా? చూపు పోతుందేమోనన్న భయంతో అమ్మ ఒక్క చుక్క కూడా మానడానికి ఒప్పుకోవడం లేదు.